రెండో శేరు

చింతగింజలు వేయించే పొద్దు కురబల వీధిలో ఎవరి ముక్కూ ఊరుకోదు. మంగలంలో గింజలు చిటపటమని ఎగురుతుంటే, పొద్దున్నే సంగటి తిన్నవాడికి కూడా కడుపులో ఏదో కదులుతుంది. కానీ ఆ గింజలు నోటికి కాదు, కంబళికి. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురును నూలుకు పట్టిస్తేనే కంబళి బిగుసుకుంటుంది, వాననీళ్ళు జారిపోతాయి. జిగురు పెట్టని కంబళిని గొర్రెల కాపరి చేత్తో పట్టుకుని చూసి, మాట్లాడకుండా కింద పెట్టి పోతాడు.

హనుమంతమ్మ మంగలం ముందు కూర్చుని గింజల్ని కట్టెతో తిప్పుతోంది. ఆమె మొగుడు సోమన్న లోపలి గదిలోంచి జొన్న బస్తాలను ఒక్కొక్కటే పంచలోకి ఈడుస్తున్నాడు. ఎనిమిది బస్తాలు. వరసగా గోడకు ఆనించి, ఒక్కొక్క బస్తా నోటి దగ్గర బీరప్ప భండారం పసుపుతో బొట్టు పెట్టాడు. వాటి పక్కనే చింతగింజల బస్తాలు రెండు, నల్ల ఉన్ని మోపులు నాలుగు, తెల్ల ఉన్ని మోపు ఒకటి. కర్నూలునుంచి లోను ఇన్స్పెక్టరు ఆ రోజు వస్తున్నాడు. ఇచ్చిన నాలుగువందలు దేనికి ఖర్చయ్యాయో చూసి, సరిగ్గా ఉందని రాస్తే రెండో విడత నాలుగువందలు వస్తాయి. లేదని రాస్తే మొదటిది కూడా ఒక్కసారిగా కట్టాలి.

రెడ్డిగారి గుమాస్తా శేషన్న అటుగా పోతూ పోతూ ఆగాడు. బస్తాలవైపు చూసి తల గోక్కున్నాడు. వాటిని మీ చిన్నాయన ఇంట్లోకి మార్చమని, రెండు దినాలు ఎవరి కంటా పడనీయొద్దని చెప్పాడు. ఉన్ని కొన్నట్టు చీటీలు కావాలంటే తానే రాసిస్తానన్నాడు, వేలిముద్రలకు మనుషుల్ని కూడా తెస్తానన్నాడు.

"దాచడానికి ఇవేమన్నా దొంగసొమ్మా శేషన్నా? కూలిగింజలు. అందరూ చూడనీ" అన్నాడు సోమన్న.

మూడో తరగతితో బడి మానేసినవాడికి ఎంతవరకు చెప్పాలో అంతవరకు చెప్పానన్నట్టు శేషన్న చెప్పులు ఈడ్చుకుంటూ పోయాడు.

కోసిగి రైలుస్టేషన్‌కు నాలుగు మైళ్ళ ఆ ఊళ్ళో ముంగారు వానలు రెండేళ్ళుగా మొహం చాటేశాయి. నేసేవాడు సోమన్న, అతని ఇద్దరు తమ్ముళ్ళు, మూడు గుంటమగ్గాలు. ఆ మూడింటికీ నూలు వడికేది వీధిలోని పన్నెండుమంది ఆడవాళ్ళు. ఒక ఉండ నూలుకు రెండు శేర్ల జొన్నలు, మీద ఒక పిడికెడు కొసరు. వాళ్ళు దుడ్లు తీసుకోరు. దుడ్లు మొగుడి చేతికి పోతాయి, జొన్నలు కుండలోకి పోతాయి. సోమన్న నాయన కాలంలోనూ అంతే, ఆయన నాయన కాలంలోనూ అంతే. అందుకే లోను చేతికి రాగానే సోమన్న, వీధి చివరి కంబన్న బండి కట్టించుకుని కోయిలకుంట్ల దాకా పోయాడు. నల్లరేగడి జొన్న, అక్కడ బస్తా ఇరవై రూపాయలు. పోను నాలుగు దినాలు, రాను నాలుగు దినాలు. తొమ్మిది బస్తాలు తెచ్చాడు. ఒకటి అప్పుడే అయిపోయింది. మిగతావి పుష్యమాసం దాకా వస్తాయి. అందాకా ఊరు విడిచి పోవద్దని పన్నెండు ఇళ్ళకూ చెప్పాడు. వాళ్ళూ సరేనన్నారు. ఏటవతల సిరుగుప్ప దగ్గర కాలవ తవ్వుతున్నారని, మనిషికి రూపాయి కూలి అని మేస్త్రీ వచ్చి చెప్పినా ఎవరూ మూట కట్టలేదు.

ఇన్స్పెక్టరు సైకిలు తోసుకుంటూ వచ్చాడు. ముల్లు గుచ్చుకుని ముందు చక్రం గాలి పోయింది. పేరు వెంకటేశ్వర్లు, కృష్ణ ఒడ్డు మనిషి, ముప్పై ఏళ్ళకే నుదురు పైకి పోయింది. చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయింది. హనుమంతమ్మ చెంబుతో మజ్జిగ ఇస్తే నిలబడే తాగి, ఇంకో చెంబు అడిగి తాగాడు. మగ్గాలు చూశాడు. గుంటలో కూర్చుని చెక్కకత్తితో పేక కొడుతున్న తమ్ముడి పక్కన వంగి, నేసిన కంబళిని వేలితో రుద్దాడు. ఉన్ని మోపులు లెక్కపెట్టి జేబులోంచి సుద్దముక్క తీసి ఒక్కొక్కదానిమీద ఒక గీత గీశాడు. చింతగింజల బస్తాల దగ్గర ఆగి ఇవెందుకని అడిగాడు. జిగురుకని చెప్తే పుస్తకం తిప్పి చూసి, ఇవి ముడిసరుకులోకి వస్తాయన్నాడు, వాటిమీదా గీశాడు. సోమన్నకు ఆ గీతలు చూస్తే ఒళ్ళంతా తేలికైంది.

జొన్నల దగ్గర సుద్దముక్క ఆగిపోయింది.

"ఇవేమిటయ్యా?"

"జొన్నలు సామీ. ఎనిమిదుండాయి. ఒకటి అయిపాయ."

"జొన్నలతో నేస్తావా కంబళి?"

"నేసేది నూలుతోనే సామీ. నూలు వడికేది ఆడోళ్ళు. ఆడోళ్ళు నడిచేది జొన్నల్తో."

వెంకటేశ్వర్లు నవ్వలేదు. ఆఫీసువాళ్ళిచ్చిన గళ్ళ పుస్తకం తెమ్మన్నాడు. సోమన్న దాన్ని దేవుడి గూట్లోంచి తెచ్చాడు. మొదటి పేజీలో పెన్సిలుతో పెద్దపెద్ద అక్షరాలు, సోమన్న ఒక్కొక్కటీ నాలుక కొరుక్కుంటూ రాసినవి: జొన్నలు తొమ్మిది బస్తాలు, నూట ఎనభై. వెంకటేశ్వర్లు ఆ వరసకింద గోటితో గీరాడు.

అప్పుడే గిడ్డవ్వ వచ్చింది. గిడ్డమ్మ అసలు పేరు, వీధికంతా గిడ్డవ్వ. డెబ్బై ఏళ్ళుంటాయి, వెనకా ముందూ ఎవరూ లేరు, చూపు సగం పోయింది. కానీ ఆమె వేళ్ళమధ్యనుంచి వచ్చినంత సన్నటి నూలు వీధిలో ఎవరూ తీయలేరు. నూలు ఉండ సోమన్న చేతిలో పెట్టి కొంగు పట్టింది. సోమన్న అలవాటుగా శేరు నింపాడు, అరచేత్తో తలగొట్టాడు, పోశాడు. మళ్ళీ నింపాడు, పోశాడు. చివర పిడికెడు కొసరు వేశాడు.

"ఈ పిడికెడు ఏ లెక్కలోకి వస్తుంది?" అన్నాడు వెంకటేశ్వర్లు.

గిడ్డవ్వ గొంతు వచ్చినవైపు తల తిప్పి, ఈ పిల్లోడు ఎవరి పిల్లోడని అడిగింది.

వెంకటేశ్వర్లు అరుగుమీద కూర్చుని నిబంధనల కాగితం విప్పాడు. చదివి వినిపించాడు. ఆ డబ్బు నడుపు పెట్టుబడి. ముడిసరుకు కొనవచ్చు, కూలి ఇవ్వవచ్చు, సరుకు రవాణాకు వాడవచ్చు. ఇల్లు బాగుచేయించకూడదు, పెళ్ళి చేయకూడదు, పాతబాకీ తీర్చకూడదు, ఎద్దులు కొనకూడదు, తిండిగింజలు కొనకూడదు. ఇది కూలే కదా అని సోమన్న అన్నాడు. కూలి అంటే రొక్కం అన్నాడాయన. పేరు, రోజు, పని, రొక్కం, వేలిముద్ర. జొన్నల్ని ఏ గడిలో రాస్తే పైవాళ్ళు ఇంటి ఖర్చు అని కొట్టేయకుండా ఉంటారో తనకు చెప్పమన్నాడు. ఆ మాట వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగినట్టు అడిగాడు. పోయిన నెల ఎవడో లోను డబ్బుతో ఎద్దు కొంటే చూసి ఊరుకున్నానని తన జీతంలో కోత పెట్టబోయారని చెప్పాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలని కూడా చెప్పాడు, అడగకపోయినా.

చివరకు ఒక దారి చూపించాడు. తాను చుట్టుపక్కల ఊళ్ళు చూసుకుని నాలుగోనాడు మళ్ళీ వస్తాడు. అంతలో జొన్నలన్నీ అమ్మేసి రొక్కం చేసి పెట్టాలి. అయిపోయిన బస్తాకు ఇరవై రూపాయలు చేతినుంచి కలపాలి. ఆ రొక్కంలోంచి తన కళ్ళముందు ఆడవాళ్ళకు కూలి ఇచ్చి వేలిముద్రలు తీసుకుంటే, సద్వినియోగమైందని రాసి పంపిస్తాడు.

దుడ్లు ఇస్తా, వాళ్ళు ఆ దుడ్లతోనే నాకాడ జొన్నలు కొనుక్కుంటారు, ఇంక అమ్మేదెందుకని సోమన్న అడిగాడు. వెంకటేశ్వర్లు తల అడ్డంగా ఊపాడు. గింజలు ఇంట్లో ఉండగా రొక్కం ఎక్కడినుంచి వస్తుంది? పైగా అప్పుడు నీది అంగడి అవుతుంది. నేతగాడికిచ్చిన లోను అంగడికి పనికిరాదు.

"ఇంకొకటి. కొన్న ధరకే అమ్ము" అన్నాడు లేచి సైకిలు అందుకుంటూ. "ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా అది ధాన్యం వ్యాపారం. దానికి అసలే అనుమతి లేదు."

"ఇప్పుడు ఆదోనిలో బస్తా ముప్పైరెండు సామీ."

"అందుకే చెబుతున్నాను."

సైకిలు రిపేరుకు, పూట భోజనానికి ఇన్స్పెక్టరు నరసింహారెడ్డిగారింటికి పోయాడు. ఊళ్ళోకి వచ్చే ఏ ఆఫీసరైనా పోయేది అక్కడికే.

*

ఊరందరికీ కావలసిన జొన్నలే. కానీ ఎనిమిది బస్తాలకు రొక్కం ఉన్న ఇల్లు ఊళ్ళో ఒక్కటే. సోమన్న రెండో దినం పొద్దునంతా తెలిసిన గడపలన్నీ తొక్కాడు. బస్తా ఇరవై అనగానే మనుషుల కళ్ళు పెద్దవైనాయి, తర్వాత చేతులు మొలవైపు పోయాయి, తర్వాత ఖాళీగా బయటికి వచ్చాయి. ఒకరిద్దరు కార్తీకంలో ఇస్తామన్నారు. ఒకావిడ నాలుగు శేర్లకు ముక్కుపుడక తీసి ఇవ్వబోయింది. ముక్కుపుడకను ఇన్స్పెక్టరు ఏ గడిలో రాస్తాడని ఆమెకు చెప్పలేక సోమన్న వచ్చేశాడు.

రెడ్డిగారు నెమ్మదస్తుడు. పంచలో కుర్చీ వేయించి తాను కూర్చుని, సోమన్నను మెట్టుమీద కూర్చోమన్నాడు. లోనుకు జామీను ఆయనదే. సంతకం పెట్టేనాడు కూడా ఇంతే నెమ్మదిగా పెట్టాడు. ఆయనా నూనె మిల్లుకని అదే ఆఫీసులో లోను తీసుకున్నాడు, సోమన్న లోనుకు పదింతలు. వేరుసెనగ కొనడానికి. ఆ లోను తనిఖీకి ముందురోజు ఆదోని షావుకారు గోదాంనుంచి అరవై బస్తాల వేరుసెనగ బండ్లమీద వచ్చింది. తనిఖీ అయిన మర్నాడు అవే బండ్లమీద వెనక్కి పోయింది. వంక కింద పదెకరాలు మాత్రం అప్పటినుంచి రెడ్డిగారివి. ఆ బండ్లలో ఒకటి కంబన్నది. కంబన్న ఆ సంగతి ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేవాడు.

"నా బండి బాడిగ కూడా లోన్లోనే రాసినారంటప్పా, రవాణా అని. పోను రాసినారు, రాను రాసినారు. నేను గవర్మెంటోన్ని ఇప్పుడు."

రెడ్డిగారు జొన్నలు చూడనే లేదు. కోయిలకుంట్ల జొన్న అంటే చూడక్కర్లేదన్నాడు. ఇరవై చొప్పున నూటఅరవై, శేషన్న చేత లోపలినుంచి తెప్పించి నోట్లు సోమన్న ముందు పెట్టించాడు.

"ఇరవై ఐదన్నా ఇద్దామనుకుంటినప్పా" అన్నాడు. "నీకే ఇబ్బంది. ఇన్స్పెక్టరు అయ్య నాతో చెప్పినాడు. రేపు నీమీద మాటొస్తే జామీనుగా నామీదా వచ్చేదే కదా."

సోమన్న నోట్లు తీసుకున్నాడు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తోచక తలగుడ్డలో చుట్టుకున్నాడు.

బస్తాలు మోయడానికి కంబన్న బండే వచ్చింది. నాలుగు దినాలు రాళ్ళలో, వంకల్లో, కంబన్న పాటలు వింటూ వచ్చిన బస్తాలు. ఇప్పుడు రెండు వీధులు దాటడానికి బండి ఎక్కాయి. హనుమంతమ్మ చీపురు తీసుకుని పంచలో రాలిన గింజల్ని ఊడ్చి, చేటలో వేసి చెరిగింది. గుప్పెడు వచ్చాయి. వీధిలో ఆడవాళ్ళు రాట్నాలు ఆపి గడపల్లోకి వచ్చి బండి పోయేదాకా చూశారు. గిడ్డవ్వ బండి చప్పుడు ఎటు పోతోందని పక్కావిడను అడిగి, జవాబు విన్నాక మళ్ళీ రాట్నం తిప్పింది.

మూడో దినం సోమన్న ఒక పొట్టేలును తోలుకుని కోసిగి పోయాడు. పద్దెనిమిది వచ్చింది. మిగతా రెండు రూపాయలు పెద్దతమ్ముడు ఎక్కడినుంచో తెచ్చాడు. ఎక్కడినుంచని సోమన్న అడగలేదు.

*

నాలుగోనాడు వెంకటేశ్వర్లు రెడ్డిగారి పంచలో బల్ల వేయించుకుని కూర్చున్నాడు. బల్ల అక్కడే ఉంది మరి. పన్నెండుమంది ఆడవాళ్ళు నూలు ఉండలు ఒళ్ళో పెట్టుకుని మెట్లకింద నిలబడ్డారు. ఆ వారంలో ఒక్కొక్కరికీ రెండేసి ఉండలు. ఉండకు ఆరణాలు. రెండుశేర్లకు సోమన్న పడ్డ ధర కూడా సుమారుగా అంతే, అందుకే లోను దరఖాస్తు నింపేనాడు శేషన్న అడిగితే ఆరణాలని చెప్పాడు. ఇప్పుడు పదణాలు చేయడానికి వీలుంటుందా అని సోమన్న అడిగాడు. అంచనా కాగితం తీసి చూపించాడు వెంకటేశ్వర్లు. ఆరణాలని నువ్వే రాయించావు, మంజూరైనదానికి పైసా మించకూడదు.

ఒక్కొక్కరే వచ్చారు. కంబన్న పెళ్ళాం రామేశ్వరమ్మ ముందు వచ్చింది. ఇన్స్పెక్టరు ఆమె బొటనవేలు పట్టుకుని నల్లసిరాలో అద్ది, కాగితంమీద ఒత్తించాడు. ఎడమచేతి వేలు అదే. నూలు సాగదీసే వేలు. ఆ తర్వాత ఆమె ఆ వేలును కొంగుకు తుడుచుకోకుండా ఎత్తి పట్టుకుని నిలబడింది, చీరకు మరక అవుతుందని. పన్నెండుమందీ అలాగే, వేళ్ళు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. ఇంకో చేతిలో పన్నెండేసి అణాలు.

గిడ్డవ్వ వేలిముద్ర పడలేదు. ఎన్నిసార్లు ఒత్తించినా నల్లటి చుక్కే. వేలిమీద గీతలు లేవు, ఉన్ని అరగదీసేసింది. వెంకటేశ్వర్లు ఆ వేలిని వెలుతురుకు తిప్పి కాసేపు చూశాడు. ముద్ర ఆనలేదని రాసుకుని, పక్కన సోమన్న చేత సాక్షి సంతకం పెట్టించాడు.

"నా జొన్నలు?" అంది గిడ్డవ్వ, చేతిలో దుడ్లను తడిమి చూసుకుని.

"ఇప్పుడు దుడ్లేనవ్వా. జొన్నలు కొనుక్కోవల్ల" అన్నాడు సోమన్న.

"యాడ?"

ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పంచ పక్కనే గోదాం తలుపు తీసి ఉంది. శేషన్న త్రాసు పక్కన నిలబడి ఉన్నాడు. వెనక వరసగా బస్తాలు, భండారం బొట్లతో సహా. శేరు ఆరణాలు. చిల్లరగా అమ్మేటప్పుడు అంతేనని, ఆదోనికి పోతే దారి బాడిగ వేరే అవుతుందని శేషన్న ఓపిగ్గా చెప్పాడు. ఆడవాళ్ళు వరసగా మెట్ల దగ్గర పుచ్చుకున్న దుడ్లను వరసగా గోదాం దగ్గర ఇచ్చారు. నాలుగు శేర్లు తీసుకుపోవలసిన కొంగుల్లో రెండేసి శేర్లు పడ్డాయి. శేషన్న తలగొట్టి పోశాడు. కొసరు వేయలేదు.

వెంకటేశ్వర్లు కాగితాలు సర్దుకుంటూ అదంతా చూశాడు. చూసి, సిరాబుడ్డి మూత గట్టిగా తిప్పాడు. పోతూ పోతూ సోమన్న భుజంమీద చెయ్యి వేసి, చాలా బాగా ఉందని రాస్తానని మెల్లగా అన్నాడు. సైకిలు గంట ఒకసారి ఊరికే మోగించి పోయాడు.

అయిదారుగురు మాత్రం గోదాం దాకా కూడా పోలేదు. వాళ్ళ మొగుళ్ళు మెట్లదగ్గరే చేతులు చాచారు. కంబన్న రామేశ్వరమ్మ చేతిలోంచి పన్నెండణాలు తీసుకుని వంక అవతలి కంపల్లోకి పోయాడు. సారా అక్కడే దొరుకుతుంది. పొద్దు వాలేటప్పటికి వచ్చి సోమన్న అరుగుమీద కూలబడ్డాడు. చాలాసేపు ఖాళీ పంచను చూశాడు.

"దుడ్లిస్తే నేను తాగుతాననే కదప్పా మీ నాయన జొన్నలిస్తాండె" అన్నాడు. "పెద్దమనిషి. ఆయప్పకు తెలుసు నేనేందో. ఈ గవర్మెంటుకు తెల్దు. నన్ను నమ్మి దుడ్లిచ్చినాదప్పా గవర్మెంటు."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మోకాళ్ళమధ్య తల పెట్టుకున్నాడు. లోపలినుంచి హనుమంతమ్మ ఊడ్చి పెట్టిన గుప్పెడు జొన్నలు చేటలో తెచ్చి అతని పక్కన పెట్టి పోయింది. పోయేటప్పుడు అతను ఆ గుప్పెడూ తలగుడ్డ కొసన మూట కట్టుకున్నాడు.

*

వారం తిరక్కముందే మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. ఈసారి అతను ఎక్కువ మాట్లాడవలసిన పని పడలేదు. కంబన్న బండి మీద కుండలు, చాపలు, పారలు, ఇద్దరు పసివాళ్ళు. మిగతావాళ్ళు నడక. సోమన్న తమ్ముళ్ళిద్దరూ కూడా పోతామన్నారు. నూలు లేని మగ్గంలో కూర్చుని ఏం చేస్తామని అడిగారు. రామేశ్వరమ్మ తన రాట్నం తెచ్చి సోమన్న పంచలో పెట్టింది. ఎలుకలు తాడు కొరక్కుండా చూడమంది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. పదకొండు రాట్నాలు, జొన్న బస్తాలు ఉన్నచోట గోడకు ఆనించి నిలబడ్డాయి.

"పుష్యమాసం దాకా అంటిని" అన్నాడు సోమన్న, ఎవరితోనని కాకుండా.

"నువ్వంటివి, మేమూ అంటిమి" అంది రామేశ్వరమ్మ. "నీ తప్పు ల్యాదులే అప్పా. నువ్వు జొన్నలు తెచ్చినావు. అంతే గదా."

బండి ఊరి బయటి గుట్ట మలుపు తిరిగేదాకా చప్పుడు వినపడింది. తర్వాత వీధిలో ఒకే ఒక్క రాట్నం చప్పుడు మిగిలింది. గిడ్డవ్వది. కాలవ పనికి ఆమెను ఎవరూ పిలవలేదు.

మర్నాడు పోస్టు జవాను కవరు తెచ్చాడు. శేషన్న చదివి చెప్పాడు. మొదటి విడత సొమ్మును నిబంధనల ప్రకారం సద్వినియోగం చేసినందుకు కర్నూలు ఆఫీసు సంతోషం తెలియజేసింది. రెండో విడత నాలుగువందలు మంజూరు. జామీనుదారుతో సహా వచ్చి తీసుకుపోవలసింది. ముడిసరుకు, కూలి, రవాణాకు తప్ప మరి దేనికీ వాడరాదు. కింద ఎర్రగీత గీసి మరీ ఉందని శేషన్న వేలితో చూపించాడు. జిల్లా మొత్తంలో ఇట్లాంటి మంచి రిపోర్టు నాలుగైదు ఊళ్ళకే వచ్చిందని రెడ్డిగారు అన్నట్టు కూడా చెప్పాడు.

సోమన్న కవరును గళ్ళ పుస్తకంలో పెట్టాడు. పుస్తకాన్ని గూట్లో పెట్టబోయి, పెట్టకుండా చేతిలోనే పట్టుకుని మగ్గం దగ్గరకు పోయాడు. గుంటలోకి కాళ్ళు వదిలి కూర్చున్నాడు. మగ్గంమీద తమ్ముడు సగం నేసి వదిలిన కంబళి. నల్లటి పోగుల మధ్య ఒక తెల్లటి పోగు, గిడ్డవ్వది. వేలితో తడిమితే అదొక్కటే వేరుగా తెలుస్తుంది.

మధ్యాహ్నం కర్ర తాటించుకుంటూ గిడ్డవ్వ వచ్చింది. ఒళ్ళోంచి ఉండ తీసి ఇచ్చింది. సోమన్న ఆరణాలు ఆమె అరచేతిలో పెట్టాడు. పొట్టేలు, తమ్ముడు తెచ్చిన రెండు రూపాయలు, రెడ్డిగారి నోట్లు, అన్నీ కలిసిన రొక్కం అది. ఏది ఏదో ఇప్పుడు తెలియదు. గిడ్డవ్వ చెయ్యి మూయలేదు. అలాగే చాచి పెట్టుకుని కూర్చుంది.

"దీనికి ఒక శేరొస్తాది" అంది. "మొన్న కూడా ఉండకు ఒక శేరే వచ్చినాది. నేను వడికినది రెండు శేర్ల నూలు గదా సోమన్నా. రెండో శేరు యాడుండాది?"

హనుమంతమ్మ లోపల వంటింటి కుండ మూత తీసి చూసి, మళ్ళీ మూసిన చప్పుడు వినపడింది. సోమన్న అటు చూడలేదు. ఆ కుండలో ఏముందో అతనికి తెలుసు, ఎన్ని పూటలకో కూడా తెలుసు.

గిడ్డవ్వ తల పక్కకు వంచి, ముక్కుతో గాలి పీల్చింది.

"చింతగింజలు ఉండాయి గదా ఇంగా."

"అవి జిగురుకవ్వా."

"తెలుసులే. నా చిన్నప్పుడు కరువులో మాయమ్మ ఇవే పెట్టినాది. ఒక దినం నానేసి, నీళ్ళు పారబోసి, మళ్ళా నానేయల్ల. లేకుంటే కడుపు పట్టుకుంటాది. పిండి కొట్టి రొట్టె చేస్తే కర్రమాదిరి గట్టిగా ఉంటాది గానీ, పోతాది లోపలికి." ఆమె కొంగు విప్పి రెండు చేతులా పట్టుకుంది. "ఆ ఇన్స్పెక్టరు పిల్లోడు వీటిమీద సున్నం గీసినాడంటివే. ఇంగ ఎవురడుగుతారు?"

పంచలో పదకొండు రాట్నాల పక్కన బస్తాలు రెండూ అలాగే ఉన్నాయి. సుద్దగీత చెరగలేదు. ఒక బస్తా నోరు సగం కట్టి ఉంది. సోమన్న దాన్ని విప్పాడు. శేరు ముంచాడు, అరచేత్తో తలగొట్టాడు, పోశాడు. జొన్నలు కొంగులో పడితే చప్పుడు ఉండదు. ఇవి రాళ్ళు పడ్డట్టు పడ్డాయి. చివర పిడికెడు కొసరు వేశాడు. ఒక గింజ జారి గచ్చుమీద దొర్లింది. గిడ్డవ్వ వంగి, చేత్తో నేలంతా తడిమి, అది దొరికేదాకా లేవలేదు.

ఆమె కర్ర చప్పుడు వీధిలో దూరమైనాక సోమన్న గళ్ళ పుస్తకం తెరిచాడు. పెన్సిలును నాలుకతో తడిచేసుకున్నాడు. మొదటి పేజీలో జొన్నలు తొమ్మిది బస్తాలు అన్న తన రాతమీద, కూలి ఇచ్చిననాడు ఇన్స్పెక్టరు అడ్డంగా కొట్టిన గీత ఉంది. పేజీ తిప్పాడు. రెండో పేజీలో, ముడిసరుకు అన్న గడిలో, ఒక్కొక్క అక్షరమే దిద్దినట్టు రాశాడు.

నూలుకు జిగురు పెట్టుటకు చింతగింజలు, ఒక శేరు.

ఊది పెన్సిలు పొడి పోగొట్టాడు. అక్షరాలు ఈసారి ముందుకంటే కుదురుగా వచ్చాయి.